37వ రోజు, ఎండు నెత్తళ్లు, నేను

కళింగపట్నం గాలి
నవంబరు 29, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గాని రాసింది తక్కువ. నవ్వకుండా చదువుతానంటే ఒక సంగతి చెబుతాను. నవ్వినా పర్లేదు లెండి, మా ఇంట్లో అప్పుడే నవ్వేశారు.

సెప్టెంబరులో హైదరాబాద్ వెళ్లి పది రోజుల విపశ్యన ధ్యానం చేసి వచ్చాను. మాట లేదు, ఫోన్ లేదు, మధ్యాహ్నం తరవాత భోజనం లేదు. సాయంత్రం అయిదింటికి కొత్తవాళ్లకి ఓ పండూ, కాస్త టీ. మొదటి మూడు రోజులు ఆ అరటిపండు గురించి ఆలోచించినంత నేను నా పెళ్లి గురించి కూడా ఆలోచించలేదు. తిరిగొచ్చేసరికి మాత్రం ఒంట్లోంచి ఏదో బరువు దించేసినట్టుంది. ఆ ఊపులో కార్తీకం మొదలైన రోజున నాకు నేనే ఓ దీక్ష పెట్టుకున్నాను. 40 రోజులు చేప, మాంసం, గుడ్డు, తీపి బంద్. టీ రోజుకి ఒక్కటి.

కార్తీకంలో మనవైపు చాలా ఇళ్లలో నీచు ఎలాగూ ముట్టరు కాబట్టి మొదటి నెల చులాగ్గా గడిచిపోయింది. అసలు పరీక్ష పోలిపాడ్యమి తరవాత. మర్నాడు చేపల బజారు దగ్గర బండి పెట్టడానికి చోటు లేదు. ఊరంతా నెల్లాళ్ల కరువు ఒక్కసారే తీర్చుకుంటోంది. నేను తల దించుకుని దాటిపోయాను. కొంచెం గర్వంగానే దాటిపోయాననుకోండి.

నిన్న 37వ రోజు. వాన. కరెంటు పోయి వచ్చింది. కింది వాటాలో పిన్నిగారు ఎండు నెత్తళ్లు వేపుతున్నారు. మొదట వచ్చేది ఎండుచేప పచ్చి కంపు, అది ఓర్చుకోవచ్చు. ఆ మీదట ఉల్లిపాయ, పచ్చిమిర్చి. నూనెలో నెత్తళ్లు కరకరలాడే దశకి వచ్చేసరికి వాసన మారుతుంది చూశారూ, అక్కడ నాకు దవడల కింద నీళ్లూరి నొప్పి పుట్టింది. నేర్చుకున్నట్టే కళ్లు మూసుకున్నాను. దవడలో సంవేదన, నాలుక మీద సంవేదన, చూస్తున్నాను, చూస్తున్నాను. అయిదు నిమిషాలు చూశాక నీళ్ల మోటారు గురించి పిన్నిగారిని ఏదో అడగాలని గుర్తొచ్చింది. దిగాను.

అప్పటికే ఓ కంచంలో అన్నం, పక్కన నెత్తళ్లు వడ్డించి మూతపెట్టి ఉన్నాయి. నన్ను చూసి ఆవిడ తడబడ్డారు. "తింటావేటి బాబూ?" అన్నారు. వద్దండి అనాలి. "కొంచెం" అన్నాను. మొదటి ముద్ద గురించి నేను రాయలేను. రెండోది బాగుంది. మూడో ముద్ద నుంచి రుచి లేదు. ఉప్పు తెలుస్తోంది, కరకర వినబడుతోంది, చెయ్యి నోటికి వెళ్తోంది, తింటున్నవాడే అక్కడ లేడు. కంచం ఖాళీ అయ్యాక లేచాను. పైకొచ్చి రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా మా ఆవిడ పసిగట్టేసింది. ఏమీ అనలేదు. వంటింట్లోకెళ్లి నవ్వుకుంది, నాకు వినబడింది.

నా బాధ చేప తిన్నానని కాదు. కోరికని అణిచాను, అది 37 రోజులు పొంచి కూర్చుని నన్ను మెట్లు దింపింది. తీర్చుకున్నాను, మూడో ముద్దకే చప్పబడిపోయింది. అణిచినా ఓటమే, తీర్చినా ఓటమే అయితే బుద్ధుడు వదిలెయ్యమన్నది ఎలా వదలడం? ఆదివారాలు శాలిహుండం కొండెక్కి ఆ పాత బౌద్ధ శిథిలాల ఇటుకల మధ్య కూర్చుంటాను. కింద వంశధార. అక్కడ బతికిన భిక్షువులకి ఈ చేపల వాసన రాలేదా?


పలాస జీడిపిక్క
నవంబరు 29, రాత్రి 10:31

నీళ్ల మోటారు కోసం ఎల్లినావా బావూ! తాటిచెట్టు ఎందుకెక్కినావురా అంటే దూడగడ్డి కోసమన్నాడంట ఎనకటికొకడు.

నాకు తెలిసింది సిన్న లెక్క. ఆకలేస్తే తిను, కడుపు నిండితే లెగు. మా దగ్గర జీడిపిక్కలు కొట్టే ఆడోల్లకి దీచ్చలు అక్కర్నేదు, పని దొరకని నెల అదే దీచ్చ. నెత్తళ్లు మానీసినోల్లే మోచ్చానికి ఎల్తారంటే, ఎల్లిరండి, నాను బీచిలో కూకుంటాను.

అయినా ఒక మాట సెప్పు. పిన్నిగారు మూతెట్టి ఉంచిన కంచం ఎవులిది?


నాగావళి
నవంబరు 29, రాత్రి 11:05

మీరు చాలా నిజాయితీగా రాశారు బాబూ, అందుకే ఒకటి అడుగుతాను. ఈ కథలో ఒక మనిషి కనపడటం లేదు. ఆ 37 రోజులూ మీ ఆవిడ ఏం తిన్నారు?

ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ప్రశ్నలు వెయ్యడం అలవాటైపోయింది. మగవాళ్లు దీక్ష పడితే వంటింట్లో రెండు పొయ్యిలు వెలుగుతాయని మా ఇంట్లో చిన్నప్పటినుంచీ చూశాను. నాన్నగారికి శనివారం ఉప్పులేని చప్పిడి, మిగతావాళ్లకి మామూలు వంట. ఉపవాసం ఆయనది, అదనపు చాకిరీ అమ్మది. పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో నాకు తెలీదు.

ఇంకో సంగతి. మా ఇంట్లో వంజరం వండితే పొట్ట ముక్కలు నాన్నకి, అన్నలకి. నడుం ముక్కలు మాకు. అమ్మ పులుసు కలుపుకుని "నాకు ముల్లు పడదే" అనేది. నిజమే అనుకున్నాం. నాన్నగారు పోయిన రెండేళ్లకి, అప్పటికి అమ్మకి 74, మా ఇంటికొచ్చి ఉంది. ఓ రోజు వడ్డిస్తుంటే గిన్నెలోకి తొంగి చూసి, "ఆ పొట్ట ముక్క నాకెయ్యవే" అంది. వేశాను. ముల్లు ఒక్కటి కూడా పోకుండా తీసి పక్కన వరసగా పేర్చుకుంటూ అరగంట తింది. యాభై ఏళ్లు చేప తినని మనిషి ముల్లు తీసే తీరు కాదది. గిన్నెలు తోమే ముందు ఒక్కత్తే కూర్చుని తలకాయలు, తోకలు ఏరుకుని తిన్న తీరు.

అమ్మ కోరికలు జయించిందని మా నాన్న చాలామందికి గొప్పగా చెప్పేవారు. జయించడం అంటే ఇదా? ఎవరూ అడగకపోవడం, ఈవిడ చెప్పకపోవడం. దాన్ని త్యాగం అని పేరు పెట్టి మనమే దండ వేశాం. కాబట్టి వదిలెయ్యడం గురించి ఎవరైనా మాట్లాడితే, అది మీ కంచంలో ఎప్పుడైనా పడిందా అని నేను ముందు అడుగుతాను.


రామతీర్థం మలుపు
నవంబరు 30, ఉదయం 6:48

నెల్లిమర్ల దగ్గరివాణ్ణి. గురుభక్తులకొండ మా ఇంటి డాబా మీంచి కనిపిస్తుంది, ఆ కొండల మీద బౌద్ధ శిథిలాలూ ఉన్నాయి, జైన విగ్రహాలూ ఉన్నాయి. ఈ సంగతి ఎందుకెత్తానంటే మనం కోరికల విషయంలో ఆ రెండిటినీ కలిపేస్తుంటాం. ఒంటిని ఎండబెట్టి కోరికని చంపడం సిద్ధార్థుడు ఆరేళ్లు చేసి చూసి మానేసిన పని. ఎముకలు తేలాక సుజాత పెట్టిన పాయసం తిన్నాడు. దాంతో వెంట ఉన్న అయిదుగురూ "వీడు తిండికి లొంగిపోయాడు" అని వదిలేసి వెళ్లిపోయారు. మొదటి ఉపదేశం చేసింది మళ్లీ ఆ అయిదుగురికే, సారనాథ్‌లో. భోగంలో మునగడం ఒక చివర, ఒంటిని హింసించుకోవడం ఇంకో చివర, రెండూ వద్దని.

భిక్షువులకి చేపల వాసన రాలేదా అన్నారు. వచ్చే ఉంటుంది. పాత్రలో చేప పడితే తినే ఉంటారు కూడా. తనకోసం చంపినట్టు చూడలేదు, వినలేదు, అనుమానం లేదు అంటే భిక్షువు తినొచ్చని వినయం, అంటే భిక్షువుల నియమావళి, చెబుతుంది. సంఘంలో చేప, మాంసం పూర్తిగా నిషేధించాలని దేవదత్తుడనే భిక్షువు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు. శాలిహుండంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి కాబట్టి అక్కడికి బౌద్ధంలో తరవాతి శాఖలైన మహాయానం, ఆపైన వజ్రయానం కూడా వచ్చాయి. మహాయానంలో మాంసం వద్దన్న సూత్రాలున్నాయి, అది వేరే చర్చ.

మీ ప్రశ్నకి దగ్గరగా నాకు తెలిసింది కోసల రాజు ప్రసేనజిత్తు కథ. ఆయన పూటకి ద్రోణం, అంటే ఓ పెద్ద కొలతెడు, బియ్యపు అన్నం తినేవాడు. ఓసారి అలా తిని, ఆయాసపడుతూ వచ్చి బుద్ధుడి ముందు కూర్చున్నాడు. బుద్ధుడు మానెయ్యమనలేదు, దీక్ష పట్టమనలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు పల్చబడతాయి, వయసు నెమ్మదిగా మీద పడుతుంది అని ఒక గాథ చెప్పాడు. రాజు పక్కనున్న సుదర్శనుడనే కుర్రాణ్ణి అది కంఠస్థం చేయించి, నేను అన్నానికి కూర్చున్నప్పుడల్లా చదవరా, రోజుకి వంద కార్షాపణాలిస్తానన్నాడు. కొన్నాళ్లకి తిండి నాళిక అనే చిన్న కొలతెడు బియ్యానికి దిగింది. వందేసి నాణేలు పోసి ఒక కుర్రాడి చేత "చూసి తిను" అనిపించుకున్న రాజు! మీరు మూడో ముద్ద దగ్గర లేరన్నారే, ఆ కుర్రాడి ఉద్యోగం సరిగ్గా అక్కడే.

పోతే తృష్ణ మూడు రకాలు. భోగాల మీద తృష్ణ, ఏదో అయిపోవాలనే తృష్ణ, లేకుండా పోవాలనే తృష్ణ. నెత్తళ్లు మొదటి రకం. చేపల బజారు గర్వంగా దాటానన్నారు చూడండి, అది రెండోది. నన్నడిగితే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది ఆ రెండోదే.


కళింగపట్నం గాలి
నవంబరు 30, ఉదయం 8:20

నాగావళి మేడంగారూ, మీ అమ్మగారి ముళ్ల వరస చదివి టీ చల్లారిపోయింది. మా ఆవిడ నేను తినేదే తిన్నది. తనకి వేరే వండుకోలేదు, ఇద్దరే కదా అని. అడగలేదు అనే మాట నిజమే.

పలాస బావా, కంచం పిన్నిగారిదే అయ్యుంటుంది. ఇంకెవరిది?

రామతీర్థం గారూ, గర్వం సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ కోరికలు వదలాలనుకోవడమూ కోరికే కదండీ. మరి ఈ ముడి విప్పేదెలా?


మందుల కొట్టు
నవంబరు 30, మధ్యాహ్నం 1:15

విజయనగరంలో మెడికల్ షాపు నడుపుతాను. బౌద్ధ గ్రంథాల పాళీ భాష రాదు, మాత్రల పేర్లొచ్చు. షుగరు మందు ఒక చేత్తో, షుగర్-ఫ్రీ బిస్కెట్లు నాలుగు ప్యాకెట్లు ఇంకో చేత్తో కొనుక్కెళ్లేవాళ్లు రోజూ వస్తారు. వీళ్లకి తత్త్వం చెబితే వినరు, మూడు నెలల సగటు రిపోర్టు చూపిస్తే నాలుగు రోజులు వింటారు.

కళింగపట్నం గారి మూడో ముద్దకి సైన్సులో పేరుంది. మిచిగన్ యూనివర్సిటీలో కెంట్ బెరిడ్జ్ అనే ఆయన చూపించిందేమిటంటే, మెదడులో "కావాలి" అనిపించేదీ "బాగుంది" అనిపించేదీ ఒకటి కాదు. డోపమిన్ ముఖ్యంగా మొదటిదాన్ని నడుపుతుంది. అందుకే కావాలన్న గోల పెరిగినకొద్దీ రుచి పెరగదు.

నేను సిగరెట్లు మానినప్పుడు గోడ గడియారం చూసేవాణ్ణి. గుంజుడు మొదలవుతుంది, పెరుగుతుంది, కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. మీద పడితే కుస్తీ పట్టకుండా, పారిపోకుండా గడియారం చూడ్డమే. నెత్తళ్లకైనా నీళ్లకైనా ఇదే మందు. మీరు అయిదు నిమిషాలకే దిగిపోయారు, ఇంకో పది ఆగాల్సింది.


చోడి అంబలి
నవంబరు 30, మధ్యాహ్నం 2:40

పేరు చెప్పను. మాది విజయనగరం పక్క పల్లె. ఇక్కడ అందరూ చేపల గురించి నవ్వుతూ మాట్లాడుతుంటే నాకు మా అన్నయ్య గుర్తొచ్చాడు.

ఫోన్లో రమ్మీ. 2020లో మన రాష్ట్రంలో నిషేధించినా వాడు ఏదో దారి వెతుక్కున్నాడు. మొదట జీతం, తరవాత వదిన గాజులు, ఆ తరవాత నాన్న ఇంటి స్థలం కోసం దాచినది. సిరిమానోత్సవం రోజున ఊరంతా అమ్మవారి దగ్గరుంటే వీడు మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక ఫోన్ పట్టుకుని దొరికాడు. "ఎందుకురా?" అంటే వాడన్న మాట నేను మర్చిపోలేను. "గెలిస్తే బాగుండదురా. ఓడినా ఏం కాదు. ముక్కలు తిరగబడే ముందు ఒక్క చిటికె ఉంటుంది, దానికోసమే."

మందుల కొట్టు అన్నయ్యా, మీరు చెప్పిన బెరిడ్జ్ సంగతి అదే అనుకుంటాను. మా అన్న "బాగుంది" అనేది ఎప్పుడో పోగొట్టుకున్నాడు, "కావాలి" ఒక్కటే మిగిలింది.

పలాస అన్నా, ఆకలేస్తే తిను కడుపు నిండితే లెగు అన్నావు. కొన్నిటికి కడుపు ఉండదు, నిండటానికి. నాగావళి మేడం, మీ అమ్మగారికి అందనివ్వకపోవడం తప్పే. కానీ అందరికీ "తీర్చుకో, తీరిపోతుంది" అని చెప్పకండి. మా ఇంట్లో తీరలేదు.


రామతీర్థం మలుపు
నవంబరు 30, సాయంత్రం 5:02

తమ్ముడూ, దీఘజాణు అనే కోళియ తెగవాడొకడు బుద్ధుడి దగ్గరికెళ్లి, మేం సంసారులం, పిల్లల గోలలో బతికేవాళ్లం, కాశీ గంధం పూసుకుంటాం, పూలదండలు వేసుకుంటాం, డబ్బు ముట్టుకుంటాం, మాలాంటివాళ్లకి పనికొచ్చేది చెప్పండి అని అడిగాడు. గంధం మానెయ్యమని ఆయన అనలేదు. కష్టపడి సంపాదించు, సంపాదించింది కాపాడుకో, మంచివాళ్లతో తిరుగు, రాబడికి తగ్గట్టు బతుకు అన్నాడు. ఆ వెంటనే సంపద అనే చెరువుకి నాలుగు గండ్లు ఎక్కడ పడతాయో చెప్పాడు. పరస్త్రీల వెంట తిరగడం, తాగుడు, జూదం, చెడ్డ స్నేహం. అంటే గంధం వేరు, జూదం వేరు అని ఆయనకీ తెలుసు. మీ అన్నయ్యది గండి. దానికి కావలసింది సూత్రం కాదు, డాక్టరు. తీసుకెళ్లారా?

కళింగపట్నం గారి ముడి బుద్ధుడి శిష్యుడు ఆనందుణ్ణి కౌశాంబిలో ఉణ్ణాభుడనే బ్రాహ్మణుడు అడిగిందే. కోరికతో కోరికని వదిలించుకోవడం అంతులేని పని కాదా అని. ఆనందుడు ఎదురు ప్రశ్న వేశాడు: ఈ తోటకి రావాలని నీకు ముందు కోరిక ఉందా? ఉంది. వచ్చాక ఏమైంది? తగ్గిపోయింది. ఇదీ అంతే అన్నాడు. నాకు ఇందులో నచ్చేదేమిటంటే ఆయన ఎక్కడా ఆ కోరికని తిట్టలేదు.


బొబ్బిలి తీగ
నవంబరు 30, రాత్రి 8:30

రెండు చివరలూ వద్దనే మధ్యేమార్గం మాట వచ్చింది కాబట్టి ఇప్పుడెవరో ఒకరు వీణ తీగ పోలిక తెస్తారు, నేనే తెచ్చేస్తాను. సోణుడనే భిక్షువు అరికాళ్లు చిట్లి నెత్తురు కారేలా నడుస్తూ ధ్యానం చేసి విసిగిపోతే, బుద్ధుడు "నువ్వు సంసారంలో ఉండగా వీణ వాయించేవాడివి కదా, తీగ మరీ బిగిస్తే పలికిందా, మరీ సడలిస్తే పలికిందా" అని అడిగాడు.

అప్పటి వీణ మన బొబ్బిలి వీణలాంటిది కాదు, విల్లులా వంగి ఉండే వాద్యం. ఇప్పటి వీణ రూపం తంజావూరు నాయకుల కాలంలో, 17వ శతాబ్దంలో కుదిరింది. మా గొల్లపల్లిలో పనస మానుని ఒకే దుంగగా తొలిచి చేస్తారు. కానీ తీగ సంగతి రెండిటికీ ఒకటే. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది బిగుతుకీ సడలుకీ నడుమ ఒక చోటు ఉన్నట్టు, అక్కడ ఆపేస్తే పనైపోయినట్టు మాట్లాడతారు. వాయించేవాళ్లకి తెలుసు, అలాంటి చోటు లేదు. పొద్దున్న కలిపిన శ్రుతి సాయంత్రం వాన పడితే పోతుంది. మళ్లీ తీగ బిగించే బిరడా పట్టుకోవాల్సిందే. 40 రోజులకి సరిపడా ఒక్కసారే బిగించడం కుదరదు సార్.


ఉద్దానం కొబ్బరి
నవంబరు 30, రాత్రి 11:47

రాద్దామా వద్దా అని రెండు గంటలు చూశాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి మండలం. మా నాన్నకి కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో ఎందుకిలా అవుతోందో కారణం ఇప్పటికీ తేలలేదు, ఇక్కడ ఎవరింటికెళ్లినా ఒకరుంటారు. వారానికి మూడుసార్లు డయాలసిస్, నాలుగేసి గంటలు. నీళ్లకి లెక్క. నీళ్లకి ఒంట్లోంచి బయటికి పోయే దారి లేదు కాబట్టి తాగింది తాగినట్టు లోపలే ఉండిపోతుంది, కాళ్లు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పడుకుంటే ఆయాసం. పొద్దున్నే అమ్మ ఓ సీసాలో నీళ్లు పోసి బల్ల మీద పెట్టేది. టీ తాగినా, మజ్జిగ తాగినా అందులోంచి అంత ఒంపేసేది. సాయంత్రానికి సీసాలో రెండు వేళ్లు మిగిలేవి. నాన్న దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

తృష్ణ అంటే దప్పిక. మీరందరూ రాసిన తృష్ణ. నేను ఆ మాట మొదటిసారి నిఘంటువులో చూసినప్పుడు పుస్తకం మూసేశాను.

ఎండు నెత్తళ్లంటే నాన్నకి ప్రాణం. ఉప్పు తింటే దప్పిక పెరుగుతుందని మొదట మానిపించినవి అవే. మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, కొబ్బరినీళ్లు ఒక్క చుక్క పనికిరావు, పొటాషియం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఆ చెట్లన్నీ కూలిపోయాయి. తాను చేత్తో నాటినవి. చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన "ఏదీ శాశ్వతం కాదు" అన్నాడు. నాన్న ఊరుకున్నాడు. చెట్ల గురించి ఏడవలేదు. ఆ రాత్రి గ్లాసెడు నీళ్ల కోసం ఏడ్చాడు.

మందుల కొట్టు గారూ, నెత్తళ్లకైనా నీళ్లకైనా గడియారం చూడమన్నారు. ఆ దప్పిక పదిహేను నిమిషాల్లో దిగదండీ. పడుకున్నా దిగదు. లేచేసరికి మంచం పక్కనే ఉంటుంది.

కానీ ఒకటి చెప్పాలి, అందుకే రాస్తున్నాను. ఆఖరి ఏడాదిలో నర్సమ్మ ఒకావిడ నేర్పింది. నీళ్లు గ్లాసుతో తాగకుండా మంచు ముక్క చేసి నోట్లో పెట్టుకోమంది. అమ్మ ట్రేలో చిన్న చిన్న ముక్కలు పెట్టేది. నాన్న ఒక ముక్క నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అది కరిగి కరిగి గొంతులోకి దిగే వరకూ మాట్లాడేవాడు కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు. అంత ఇష్టంగా నీళ్లు తాగిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. అది కోరిక తీర్చుకోవడమా, వదిలెయ్యడమా? రామతీర్థం గారికి తెలిస్తే చెప్పండి. నాకు తెలీదు. పోయిన ఏడాది పోయాడు.


మందుల కొట్టు
డిసెంబరు 1, ఉదయం 7:05

తప్పు రాశాను, క్షమించండి. నా కొట్టుకి డయాలసిస్ పేషెంట్లు వస్తారు, అయినా వేళ్లకి తోచింది కొట్టేశాను. పోస్టు మార్చను, అలాగే ఉండనివ్వండి.


రామతీర్థం మలుపు
డిసెంబరు 1, ఉదయం 9:30

నాకు తెలీదండీ. పాళీలో తణ్హ అన్నా, సంస్కృతంలో తృష్ణ అన్నా దప్పికే అని పాతికసార్లు జనానికి చెప్పుంటాను, ఒక్కసారీ సీసా గుర్తుకు రాలేదు. శరీరానికి కావలసిన నీళ్లని బుద్ధుడు తృష్ణ అనలేదు, అని సమాధానం రాసి చెరిపేశాను. మీ నాన్నగారి మంచు ముక్క దగ్గర ఆ కాగితం గీత నిలవదు.


పలాస జీడిపిక్క
డిసెంబరు 1, ఉదయం 10:10

ఉద్దానం తమ్ముడూ, మా బావమరిది వజ్రపుకొత్తూరు. వారానికి మూడేసిసార్లు తిప్పుతున్నాం. ఈ మంచు ముక్క ఇసయం మాకెవులూ సెప్పనేదు. డాక్టరుగారిని అడిగి ఇయ్యాలే సేయిస్తాను. అది కూడా నీళ్ల లెక్కలోకే వస్తాది కదా?


ఉద్దానం కొబ్బరి
డిసెంబరు 1, ఉదయం 10:42

అవునన్నా, ముక్కలు చేసే నీళ్లు సీసాలోంచే తియ్యాలి. అది మాత్రం మర్చిపోకండి.


అడ్మిన్
డిసెంబరు 1, మధ్యాహ్నం 12:00

చోడి అంబలి గారికి ఒక సభ్యుడు విడిగా సందేశం పంపారు, చూసుకోండి. మధ్యలో వచ్చిన రెండు రమ్మీ ప్రకటనలు తీసేశాం. ఈ చర్చలోనే వేశారు, అదీ వాళ్ల ధైర్యం.


చోడి అంబలి
డిసెంబరు 1, మధ్యాహ్నం 12:26

చూశాను. థాంక్స్. గురువారం అన్నయ్యని తీసుకెళ్తున్నాం. వస్తానన్నాడు, వచ్చేదాకా నమ్మను.


కళింగపట్నం గాలి
డిసెంబరు 1, సాయంత్రం 6:15

అన్నయ్యలూ, ఇది ఆయన ఐడీయే. రాస్తున్నది నేను, ఆయన భార్యని. స్నానానికెళ్లారు. చర్చ అంతా నిన్న రాత్రి ఆయనే చదివి వినిపించారు. ఉద్దానం తమ్ముడిది చదువుతూ మధ్యలో ఆపేసి లోపలికెళ్లారు, మిగతాది నేను చదువుకున్నాను.

పలాస అన్నయ్యా, మీరొక్కరే సరిగ్గా అడిగారు. ఆ కంచం నాది.

పోలిపాడ్యమి దాటినప్పటినుంచీ నేను పిన్నిగారింట్లోనే తింటున్నాను. ఆ రోజుది మూడోసారి. పైన వండితే ఈయన దీక్ష పాడవుతుందని కింద వండించుకునేదాన్ని. నెత్తళ్లు నేనే తెచ్చి ఇచ్చాను. ఆరేసిన బట్టలు తీసి దిగుదామనుకునేలోపు ఈయనకి నీళ్ల మోటారు గుర్తొచ్చింది. నేను దిగేసరికి మెట్ల దగ్గరే పిన్నిగారు సైగ చేశారు, తినేస్తున్నాడని. నా కంచం ఖాళీ అయిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. అందులో మూడో ముద్ద నుంచి రుచి లేదట! ఒళ్లు మండింది. తరవాత నవ్వొచ్చింది.

నాగావళి మేడంగారూ, మీరు అడిగిన ప్రశ్నకి ఈయన "నేను తినేదే తిన్నది" అని రాసినప్పుడు పక్కనే కూరగాయలు తరుగుతున్నాను. దిద్దలేదు.

దీక్ష మళ్లీ మొదటినుంచి మొదలెడతానన్నారు. మీ ఇష్టం, నా వంట నేను పైనే వండుకుంటాను, వాసన వస్తుంది, మీ సంవేదనలు మీరు చూసుకోండి అన్నాను. ఆలోచిస్తున్నారు.


నాగావళి
డిసెంబరు 1, సాయంత్రం 6:40

అమ్మాయ్, ఇంకో ఐడీ తెరుచుకో. నీదంటూ ఒకటి.

అది సరే, నెత్తళ్లు మీ పిన్నిగారు నానబెడతారా, ఊరికే దులిపి వేస్తారా? నాకు ఇసక తగులుతుంటుంది.


కళింగపట్నం గాలి
డిసెంబరు 1, సాయంత్రం 6:58

తలకాయలు గిల్లేసి, మూకుడులో నూనె లేకుండా కాసేపు వేయించి, అప్పుడు వేడినీళ్లలో పోయాలి మేడంగారూ. ఇసకంతా అడుక్కి దిగుతుంది. పై నుంచి చేత్తో తోడుకోవాలి, వంపకూడదు. రెండు నీళ్లు మార్చాలి. ఉప్పు మాత్రం ముందే వెయ్యకండి, వాటిలోనే ఉంటుంది, దించే ముందు రుచి చూసి వేసుకోవడమే. బయటికొచ్చేస్తున్నారు, ఉంటాను.